సూదిగీత

మా లోయలో గురి తప్పని మనిషి ఎవరంటే నేనే. ఆ కొత్త పంపు తుపాకీతో మొట్టమొదటి తూటా పేల్చింది నేను. పాతిక గజాల దూరంలో పలక మీద వాలిన ఈగను, పక్కనున్న ఈగకు నిద్రాభంగం కాకుండా కొట్టాను.

ఈ మాట ఆ ఆగస్టు నెలంతా బడి దగ్గర, చర్చి మెట్ల దగ్గర, వాగు దగ్గర చెప్పాను. మా అన్న డెన్వర్ అడ్డం రాకపోతే ఇప్పటికీ చెబుతూ ఉండేదాన్ని. వాడు మాత్రం ఎవరు అడిగినా, అడగకపోయినా, అమ్మ బట్టలుతికే రేకు తొట్టి మోసుకొచ్చి చూపించేవాడు. దానికి పెన్సిలు పట్టేంత బెజ్జం ఉంది. నేను గురి చూసిన పలకకూ ఆ తొట్టికీ మధ్య పది అడుగుల దూరం.

"ఈగ ఏదే ఓపల్?" అన్నాడు వాడు.

"నీ మొహం చూసి మిగతా ఈగలు మోసుకుపోయాయి, దహనానికి."

అమ్మ బెజ్జంలోంచి ఒకసారి ఆకాశం చూసి, సబ్బుముక్కతో పూడ్చేసింది. ఆ తొట్టి మా ఇంటికి డెన్వర్ కంటే ముందొచ్చింది, వాడికంటే ఎక్కువ పని చేసింది. ఆవిడ బాధ నాకర్థమైంది.

ఆ తుపాకీ నాన్నది. ఇరవై రెండేళ్ళు బొగ్గుగనిలో పనిచేశాక, ఊపిరితిత్తుల నిండా దుమ్మే ఉందని ఆ వసంతంలో డాక్టరు తేల్చాడు. ఇక లోపలికి దిగొద్దన్నారు. సాగనంపేటప్పుడు గడియారం ఇవ్వడం మావైపు ఆనవాయితీ. నాన్న జట్టువాళ్ళు మాత్రం, "హోబర్ట్‌కి గడియారం ఎందుకు, ఎన్ని గంటలు ఖాళీగా కూర్చున్నాడో లెక్కపెట్టుకోడానికా" అని తలా కొంత వేసుకుని తుపాకీ కొన్నారు. కొండల్లో ఉడుతల్ని కొట్టే చిన్న తుపాకీ. గొట్టం కిందున్న చెక్క పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే ఖాళీ తూటా బయటికి, కొత్త తూటా లోపలికి. మా కౌంటీలో నాన్న గురి తెలియనివాళ్ళు లేరు. పక్క కొండమీద ఉడుతలు పిల్లల్ని నిద్రపుచ్చడానికి నాన్న పేరు చెబుతాయని నేనే పుట్టించాను, అది నేను పుట్టించినవాటిల్లో కాస్త నమ్మదగినది.

"కొత్త తుపాకీ కొత్త కోడె లాంటిదే," అన్నాడు నాన్న, గ్రీజు కాగితం విప్పుతూ. "తొందరపెడితే తంతుంది. మచ్చికయ్యేదాకా మనమే ఓపిక పట్టాలి."

మొదటి వారం కిరసనాయిలుతో గ్రీజు కడగడమే సరిపోయింది. తర్వాత పిడి. అది ఎంత బిగుతుగా ఉండేదంటే, లాగడానికి నేనూ డెన్వరూ చెరోవైపు నిలబడితే తుపాకీయే గెలిచింది. నాన్న రోజూ అరుగు మీద కూర్చుని, అమ్మ చిక్కుళ్ళు వలుస్తుంటే, రెండొందల సార్లు దాన్ని ఆడించేవాడు. ఊపిరి అందనప్పుడు నాకిచ్చేవాడు.

"ఆడించు కానీ, ఖాళీగా మీట నొక్కకు. దీని సూది తూటా అంచు మీద కొడుతుంది. తూటా లేకపోతే ఇనుము ఇనుమునే కొడుతుంది. సూది మొద్దుబారిపోద్ది."

"నొక్కితే ఏమవుద్ది?"

"నీ నాలుకలా అవుద్ది. ఎంత ఆడినా పనికిరాదు."

మా ఇంట్లో కొత్త తుపాకీ మొదటి తూటా అందరికంటే చిన్నవాళ్ళు పేల్చాలి. అలాగైతే తుపాకీ ఆ ఇంట్లో ఎక్కువ కాలం ఉంటుందట. తొట్టికి ప్రాణం మీదికి తెచ్చిన ఆచారం అదే. తర్వాత నాన్న పలక మీద బొగ్గుతో చుక్క పెట్టి, మూడు రకాల తూటాలు తెప్పించి, ఏ రకం దానికి పడుతుందో చూశాడు. ఒకటి దానికి నచ్చలేదు, గొంతులో అడ్డం పెట్టుకుంది. ఇంకోటి చెల్లాచెదురుగా కొట్టింది. మూడోది ఆకుపచ్చ డబ్బాలోది. అది పడింది. కానీ గుండ్లన్నీ చుక్కకు కుడివైపు వెళ్తున్నాయి.

గొట్టం చివర గురి చూసుకునే బొడిపె ఒకటి అడ్డంగా గాడిలో కూర్చుని ఉంటుంది. దాన్ని కుడికి జరిపితే గుండు ఎడమకి వస్తుంది. నాన్న ఎడమవైపు నుంచి తట్టాడు, సుత్తికీ బొడిపెకీ మధ్య ఇత్తడి బిళ్ళ పెట్టి. గనిలోకి దిగేటప్పుడు మేకుకి తగిలించే, ఆయన నంబరున్న బిళ్ళ అది. వెనక్కి తీసుకోవడం గనివాళ్ళు మరిచిపోయారు.

"ఇత్తడి మెత్తన. ఇనుముకి మచ్చ పడదు," అన్నాడు.

తట్టడం, కాల్చడం. తట్టడం, కాల్చడం. మధ్యలో దగ్గు. ఊపిరికీ ఊపిరికీ నడుమ ఎక్కడో ఒక నిశ్శబ్దం దొరికేది, ఆ సందులో మీట నొక్కేవాడు. నాలుగో రోజు సాయంత్రానికి ఐదు గుండ్లూ బొగ్గుచుక్కలోనే పడ్డాయి.

అప్పుడు అమ్మ కుట్టుసూది నా చేతికిచ్చాడు.

"బొడిపె మీంచి గొట్టం మీదికి నిలువునా ఒక్క గీత గియ్యి. బొడిపె కదిలితే గీత విరిగినట్టు కనిపిస్తుంది."

"నువ్వే గీయొచ్చుగా నాన్నా."

"నాకు ఆ కొండమీది ఆకు కనిపిస్తుందమ్మా. చేతిలోది కనపడదు." నవ్వాడు. "దూరపు చూపు నాది, దగ్గరి చూపు నీది. ఇద్దరం కలిస్తే ఒక మనిషిమి."

నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి గీశాను. నా జన్మలో అంత తిన్నటి పని అదొక్కటే.

"ఇంక ఈ బొడిపెని ఎవరూ ముట్టుకోకూడదు," అని డెన్వర్ వైపు చూశాడు. నా వైపు చూడలేదు.

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఇంకో విషయం నలుగుతోంది. వెర్లిన్ బాబాయ్ ఆక్రన్ పట్నం నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నాడు. అక్కడ రబ్బరు ఫ్యాక్టరీలో డెన్వర్‌కి పని ఉంది, మేడమీద రెండు గదులు ఉన్నాయి, ఇల్లూ రెండెకరాలూ అమ్మేసి వచ్చెయ్యండి అని. ఉత్తరాలు నేనే చదివి వినిపించేదాన్ని. "మీ పోలికలున్న ఒక గుర్రం కూడా ఇక్కడ ఉంది" అని మధ్యలో కలిపితే, "అది వాడే అయ్యుంటాడు" అనేవాడు నాన్న.

"అక్కడ ఆస్పత్రి ఉంది," అనేది అమ్మ.

"ఇక్కడ గాలి ఉంది."

"పీల్చుకోలేని గాలి ఎంతుంటే ఏం."

చివరికి నాన్న ఒక మాట అన్నాడు. "డోవీ, ఈ ఒక్క ఉడుతల కాలం చూద్దాం. తోట నువ్వు చూసుకుంటున్నావు. కుండలోకి మాంసం నేను తేగలిగితే ఇక్కడే ఉందాం. తేలేనంటే, కూర్చుని తినేవాణ్ణి ఎక్కడ కూర్చున్నా ఒకటే."

అమ్మ సరేనంది.

సెప్టెంబరులో వేట మొదలయ్యే శనివారానికి ముందురోజు, డెన్వర్ భోజనాల దగ్గర మొదలుపెట్టాడు. మొదటిరోజు తుపాకీ తనకివ్వమని నాన్నను ఒప్పించాడు. రంపపుమిల్లులో అందరికీ చెప్పేశాడట, ఆరు తూటాలకి ఆరు ఉడుతల్ని కొట్టుకొస్తానని. "ఓపల్, నువ్వు సంచి పట్టుకో చాలు. తొట్టి ఏదైనా ఎదురైతే నిన్ను పిలుస్తాలే."

తొట్టి పేరు ఎత్తకుండా ఉండాల్సింది.

ఆ మధ్యాహ్నం అరుగు మీద ఎవరూ లేరు. ఇత్తడి బిళ్ళ నాన్న జేబులో ఉంది. నా చేతికి మేకు దొరికింది. బొడిపె మీద కుడివైపు నుంచి ఒక్క దెబ్బ. గీత విరిగింది, చూడాలని చూస్తే తప్ప కనపడనంత. డెన్వర్ ఆరు ఉడుతల్నీ బతికించి, ఖాళీ సంచితో మిల్లు ముందు నిలబడతాడు. మర్నాడు నేను సర్దేస్తాను. ఆ ఉడుతలు కృతజ్ఞతగా నా పెళ్ళికి వస్తాయని కూడా అనుకున్నాను.

తెల్లవారి కాఫీ తాగుతుండగా మిల్లు లారీ వచ్చి ఆగింది. మేస్త్రీ డెన్వర్‌ని రమ్మన్నాడు, ఇద్దరు మనుషులు తక్కువయ్యారట. వాడు తిట్టుకుంటూ వెళ్ళాడు.

నాన్న లేచి తుపాకీ తీసుకున్నాడు. "రావే. దగ్గరి చూపు లేకుండా ఎలా వెళ్తాను."

"రేపు వెళ్దాం నాన్నా. మంచు పడుతోంది."

"మంచులోనే ఆకు చప్పుడు చెయ్యదు. పద."

కొండ ఎక్కడానికి ఎప్పుడూ పావుగంట పట్టే దారి. ఆ రోజు గంట పట్టింది. పదడుగులకోసారి ఆగి, చెట్టుకి చెయ్యి ఆనించి, నవ్వేవాడు, తనకి ఆగాలని ఉన్నట్టు కాకుండా చెట్టుకి తోడు కావాలన్నట్టు. జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళ తీసి చప్పరించాడు, దగ్గు రాకుండా.

"వెర్లిన్ మనసు మంచిదే," అన్నాడు. "కానీ మేడమీద రెండు గదుల్లో నేనేం చెయ్యనే? కిటికీలోంచి ఎవరి చిమ్నీకో గురి చూడనా?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. మేకు లేదు, సుత్తి లేదు, కానీ నోరుంది కదా. అది ఆ రోజు వరకు ఒక్క క్షణం ఖాళీగా లేని నోరు.

హికరీ చెట్టు కింద కూర్చున్నాం. పైనుంచి కాయతొక్కలు టపటపా రాలుతున్నాయి, ఉడుతలు తింటున్నాయన్నమాట. మొదటిది కొమ్మ వంపులో నిలబడింది, తల ఒక్కటే కనిపిస్తూ. నాన్న ఊపిరి సందు కోసం ఆగాడు. పేల్చాడు. ఉడుత తోక ఆడించి వెళ్ళిపోయింది.

"తొందరపడ్డాను," అన్నాడు.

రెండోదానికీ అదే అన్నాడు. మూడోదానికి చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. నాలుగోది ఎంత దగ్గరికి వచ్చి కూర్చుందంటే దాని మీసాలు లెక్కపెట్టొచ్చు. ఇది పెంచి చెప్పడం కాదు. అది కూడా వెళ్ళిపోయింది. ప్రతిసారీ పిడి మెత్తగా వెనక్కి వచ్చి ముందుకు వెళ్ళింది. మూడు వారాల మచ్చిక, వెన్నలా ఆడుతోంది. తప్పంతా ఇక మనిషిదే అన్నట్టు.

నాన్న తుపాకీ ఒడిలో పెట్టుకుని, గొట్టం చివర నా వైపు తిప్పాడు.

"గీత చూడమ్మా. సరిగ్గా ఉందా?"

చూశాను. చూడక్కర్లేదు, అయినా చూశాను. ఇవాళ్టికి గట్టెక్కితే చాలు, ఇంటికెళ్ళగానే జరిపేస్తాను, రేపు అన్నీ తగులుతాయి, ఎవరికీ తెలియదు అనుకున్నాను.

"సరిగ్గానే ఉంది నాన్నా," అన్నాను.

తలాడించాడు. ఇంకో మూడు పేల్చాడు. ఏడు తూటాలు. తర్వాత పిప్పరమెంటు బిళ్ళ నాకొకటిచ్చి, ఆకులు రాలడం చూస్తూ కాసేపు కూర్చున్నాడు. దిగేటప్పుడు తుపాకీ నన్ను మోయమన్నాడు.

ఇంటికి రాగానే పెరట్లోకెళ్ళి బొడిపెను వెనక్కి తట్టాను. గీత గీతతో కలిసింది. చేతులు కడుక్కుని లోపలికి వచ్చాను.

చిక్కుళ్ళు, మొక్కజొన్న రొట్టె. కుండలో మాంసం లేదు. రొట్టె తుంచుకుంటూ నాన్న అన్నాడు, ఉప్పు అడిగినట్టుగా:

"ఓపల్, తిన్నాక కాగితం తీసుకో. వెర్లిన్‌కి ఉత్తరం రాయాలి."

అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. గెలిచిన మనిషి మొహం అలా ఉండదు.

"రేపు ఇంకోసారి వెళ్దాం నాన్నా," అన్నాను. "ఒక్కసారి."

"ఏడుసార్లు వెళ్ళాను కదమ్మా, కూర్చున్నచోటే. ఒకటి తప్పితే గాలి అనుకోవచ్చు. ఏడు అబద్ధం చెప్పవు."

ఉత్తరం నేనే రాశాను. ఆయన చెప్పింది చెప్పినట్టు. గుర్రాన్ని కలపలేదు.

"తుపాకీ ఇంక నీదే," అన్నాడు మర్నాడు. "మంచి తుపాకీ. మంచి కళ్ళ దగ్గర ఉండాలి."

దాన్ని తీసుకెళ్ళి మొదటిరోజే మూడు కొట్టాను. ఎప్పుడూ గురి కుదరనిదాన్ని, ఆ కాలమంతా గురి తప్పలేకపోయాను. మూడూ తెచ్చి ఇస్తే నాన్న తలలు వేళ్ళతో తడిమి చూశాడు, మూడింటికీ గుండు కంటి వెనకే తగిలింది. "చూశావా డోవీ," అన్నాడు, "తుపాకీకి ఏ వంకా లేదు." ఆ మాట వినగానే నేనేం చేశానో నాకు తెలిసింది. ఆ రోజునుంచి కొట్టినవాటిని తొర్రలో దాచి ఖాళీ చేతులతో వచ్చేదాన్ని. "వంక తుపాకీదే నాన్నా, కుడికి లాగుతోంది" అనేదాన్ని. నాలుగోరోజు డెన్వర్ పట్టుకెళ్ళి ఐదు తెచ్చి బల్లమీద వరసగా పడుకోబెట్టాడు.

"కుడికి లాగేది తుపాకీ కాదు, నీ నోరు," అన్నాడు వాడు.

అందరూ నవ్వారు. నాన్న కూడా. తర్వాత అమ్మ ఆ ఉడుతల్ని పిండి వేసి పులుసు చేసింది. నాన్న రెండు ముద్దలు తిని, బాగుందన్నాడు. అరుగు మీదికెళ్ళి కూర్చున్నాడు. రోజూ అక్కడే. కొండవైపు కాకుండా రోడ్డువైపు మొహం పెట్టి.

చెబుదామని ఎన్నిసార్లో వెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా ఏదో తమాషా కథ చెప్పి వచ్చేశాను. ఆయన నవ్వితే దగ్గు వచ్చేది, దగ్గు తగ్గేసరికి నా ధైర్యం కూడా తగ్గేది. ఇంతలో ఇల్లూ రెండెకరాలూ వాగు అవతలి హార్లెస్ వాళ్ళు కొనుక్కున్నారు. అక్టోబరంతా అమ్మ పాతగుడ్డల్లో గిన్నెలు చుడుతూనే ఉంది.

నవంబరు మొదటి వారంలో మిల్లు లారీ అరువు తెచ్చాడు డెన్వర్. సామానంతా ఎక్కించాం. తొట్టి కూడా, సబ్బుముక్కతో సహా. హార్లెస్ వాళ్ళ కోళ్ళు అప్పటికే మా కోళ్ళగూట్లో సర్దుకున్నాయి. అమ్మ ముందు సీట్లో కూర్చుని ఇంటివైపు చూడకుండా చేతిసంచిలో ఏదో వెతుకుతోంది.

నాన్న మెట్టు మీద కూర్చుని, తోవలో తుప్పు పట్టకుండా తుపాకీకి నూనెగుడ్డ పెడుతున్నాడు. గనిలో దీపం ఆరిపోయినా, తలమీది రాయి నిలుస్తుందో కూలుతుందో వేళ్ళతో తడిమి చెప్పేవాడని ఆయన జట్టువాళ్ళు అనేవాళ్ళు. బొటనవేలు గొట్టం పొడుగునా వెళ్ళి, చివర ఆగింది. బొడిపె కుడిపక్క గోటితో గీరాడు. మళ్ళీ గీరాడు.

నేను దుప్పట్ల మూట పట్టుకుని నిలబడిపోయాను.

ఆయన చొక్కా జేబులోంచి ఒక తూటా తీసి ఎక్కించాడు. వాగు గట్టున అక్రోటు చెట్టు ఆకులన్నీ రాల్చేసి ఉంది. చిటారుకొమ్మన ఒక్క కాయ మిగిలింది. నాకైతే అది చుక్కలా ఉంది. నాన్న మోకాలి మీద మోచెయ్యి ఆనించి, ఊపిరి సందు కోసం చాలాసేపు ఆగాడు. పేల్చాడు.

కాయ లేదు. కొమ్మ ఊగుతోంది.

లారీలో డెన్వర్ ఈల వేశాడు. అమ్మ తలెత్తి చూసింది.

"బాగానే కనిపిస్తోందే," అన్నాడు నాన్న, ఇంకెవరి కళ్ళ గురించో చెబుతున్నట్టు. పిడి వెనక్కి లాగాడు. ఖాళీ తూటా మెట్టు మీద పడి దొర్లింది.

"ఓపల్. ఇటు రా."

వెళ్ళాను.

"ఇత్తడి మచ్చ పెట్టదు. ఇక్కడ మేకు దెబ్బ ఉంది. నేను కుడివైపు నుంచి ఎప్పుడూ కొట్టలేదు." గొంతు తగ్గించాడు, లారీకి వినపడకుండా. "డెన్వర్ పనా?"

అవునంటే సరిపోయేది. డెన్వర్ కాదన్నా ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. ఏడు వారాలుగా నేను వెతుక్కుంటున్న మాట ఆయనే అందించాడు, నేను తల ఊపితే చాలు.

"కాదు నాన్నా. నేనే. అన్నయ్య కోసం చేశాను, వాడు తప్పాలని. నీ చేతికి వస్తుందని తెలియదు."

డెన్వర్ హారన్ కొట్టాడు. నాన్న అటు చూడలేదు.

"చెట్టు కింద నిన్ను అడిగాను. గీత సరిగ్గా ఉందన్నావు."

"అన్నాను."

"లేదా?"

"లేదు. ఎడమకి జరిగి ఉంది."

"ఎంత?"

నేను జన్మలో దేన్నీ ఉన్నంత కొలతలో చెప్పినదాన్ని కాను. ఆ రోజు మాత్రం బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి తెచ్చి, వాటి మధ్య వెలుతురు కూడా పట్టకుండా పెట్టి, ఆయనకి దగ్గరి చూపు లేదని గుర్తొచ్చి, నోటితో చెప్పాను.

"వెంట్రుకంత నాన్నా."